మా వదిన ఇచ్చిందన్న బయాను

హైదరాబాదు పత్రికలు మా దొర కూని గురించి రాసినన్ని దినాలు మా ఊరికి మస్తు మర్యాద ఉండె. పత్రికల్ల మా దొర ఉండే గడి కోట అయింది. మా కుంట పెద్ద చెరువయింది. గడి ఎనుక ఉన్న నాలుగు తుమ్మచెట్లు చీమలు దూరని అడివైనయి. పెద్దవంగర దిక్కున్న మా పల్లెను కండ్ల చూడనోళ్లు చదివితే ఎవరో రాజును సంపిన్రనుకుంటరు. సంపింది నిజమే. దొరను గడి ముంగటనే గొడ్డళ్లతోని నరికిన్రు. ఎవరు నరికిన్రో ఊరందరికి తెలుసు, అడిగితే ఎవరికీ తెల్వదు. ఆ రోజుల్ల అన్ని సంగతులు గట్లనే ఉండె.

మిలిటరీ వచ్చినంక ఉరికినోళ్లు అడివిల పడ్డరు, ఉరకనోళ్లు జైల్ల పడ్డరు. మా అన్న ఉరకలేదు. ఉరుకుడెందుకో ఆయనకు తెల్వదు. భూపాలపల్లి అడివిల వెదురు కొట్టి, టేకుమట్ల మీదికెళ్లి బండి తోలుకోని అప్పుడే ఇల్లు చేరిండు. ఎడ్లను ఇడుస్తుంటే పట్టుకపోయిన్రు. కూని అయిననాడు ఆయన అడివిల ఉన్నడనేటందుకు ఇద్దరే సాక్షులు. ఇద్దరికీ కొమ్ములున్నయి, మాటలు లేవు.

అన్నను వరంగల్ జైలుకు తోలిన్రు. కేసు నిలబడితే ఉరి అన్నరు. అడివోళ్లకు బువ్వ పెడుతున్నరని ఊరును లేపి, పక్క తండాను లేపి, మానుకోట కాడ కంచె కట్టి అందరిని అండ్ల పెట్టిన్రు. మహబూబాబాదును మేము మానుకోటనే అంటం. మా వదిన ఆ కంచెల ఉండె. నేను జనగామల ఉర్దూ చదువు చదువుతున్న గనుక మిగిలిన. అన్న జైల్ల, వదిన కంచెల, నేను చిట్టి లేనిది జనగామ దాటద్దు. మా ఇంట్ల సొతంత్రంగ ఉన్నది ఎడ్లే. వాటిని సుత ఎవడో తోలుకపోయిండు.

అన్న తరఫున కోస్తా దిక్కుకెళ్లి ఒక వకీలు వచ్చిండు. మంచి మనిషి, పెద్ద గొంతు, ఉర్దూల అలీఫ్ ముక్క రాదు. పోలీసు కాగితాలన్ని అప్పటికి ఉర్దూలనే. గందుకని నేను ఆయనకు గుమాస్తానైన. నా మాట ఇన్నప్పుడల్లా ఆయన మొఖం పులుపు తిన్నట్టు పెడుతుండె.

"ఏమిటోయ్ 'గట్లనే గట్లనే' అంటావు? అలాగే అనలేవూ?"

"అనొచ్చు సార్. జర టైము పడుతది."

వకీలు అడిగి అడిగి ప్రత్యేక అదాలత్ తోని హుకుం తెచ్చిండు. దొర కూని కేసు కాగితాలన్ని ముల్జిముల తరఫోళ్లకు చూపెట్టాలె, అంటే నేరం మోపబడ్డోళ్ల దిక్కు నిలబడేటోళ్లకు. పోలీసులు హుకుంను మంచిగ పాటించిన్రు. ఇయ్యమన్నది ఇయ్యకపోవుడు ఒక తీరు. అడిగినదాని మీద పదిరెట్లు ఇచ్చుడు ఇంకో తీరు. ఎడ్లబండి నిండ గోనెసంచులు తెచ్చి జనగామ కచ్చేరిల కుమ్మరించిన్రు.

కాగితాలు కచ్చేరి దాటద్దు. ఒక్కడే చూడాలె. చూసేటోడు ముల్జిములకు చుట్టం కావద్దు. అమీను, అంటే పోలీసు ఠాణా పెద్ద, నన్ను నిలబెట్టి అడిగిండు.

"నువ్వు ముల్జిములకు ఏమన్న అయితవా?"

"ఏం కాను సాబ్."

పుట్టినప్పటిసంది నేను నవ్వకుండ చెప్పిన మాట అదొక్కటే. అందుకే నమ్మినట్టున్నడు.

కచ్చేరిల ఖాళీగున్న అర్ర ఒక్కటే, హవాలాతు. పట్టుకచ్చినోళ్లను మూసిపెట్టే అర్ర. పట్టుబడ్డోళ్లు ఎక్కువై అండ్ల పట్టక అందరిని వరంగల్ తోలిన్రు గనుక ఖాళీ అయింది. పొద్దుగాల నన్ను లోపటికి పంపి జవాను బయటికెళ్లి తాళం ఏస్తుండె.

"తాళమెందుకన్నా?"

"కాగితం పోతే నా నౌకరి పోతది."

"నేను పోతే?"

"నువ్వెవరికి కావాలె."

నిజమే అనిపించింది. గోడకు పైన పిల్లి పట్టేంత కిటికి ఉండె. అవుతల చాయ దుకాణం. కప్పుల సప్పుడు లోపటికి వస్తుండె, చాయ రాకపోతుండె. గోడల మీద ఎనుకటోళ్లు గోర్లతోని గీతలు గీసి పెట్టిన్రు. అవి చూడకుండ కూసునేటందుకు తలుపు దిక్కు మొఖం పెడితే తాళం కనపడుతుండె. తిరిగి గీతల దిక్కే కూసుంటుంటి.

సంచులు ఇప్పిన. దేశమంత మోగిన కేసు గద, ఎట్లుంటదో అనుకున్న. మొదాలు తరిగొప్పులకెళ్లి బర్రె పోయిందని ఒక అర్జీ. దాని కింద, బర్రె దొరికిందని ఇంకోటి. దాని కింద, దొరికిన బర్రె నాది కాదని మూడోది. ఆ బర్రె సంగతి పోలీసులు దొర సంగతి కంటె మంచిగ తవ్విన్రు. దొర శవం పంచనామా మీద ఐదుగురి ఏలిముద్రలున్నయి. మనుషులు ఐదుగురు, ఏలు ఒక్కటే. గడి పటం గీసిన నక్షాల కుంట గడి లోపట ఉంది.

నేను కుప్పలు పెట్టుకున్న. కూనియి ఒక దిక్కు, బర్రెలయి ఒక దిక్కు, సారాయియి ఒక దిక్కు, దేనియో తెల్వనియి ఒక దిక్కు. తెల్వని కుప్పే నా నడుముదాక వచ్చింది. అన్నను ఏ కాగితం పట్టుకోని ఇరికించిన్రో అది దొరకాలె. ఒక్కొక్క కట్ట ఇప్పేటప్పుడు అన్న పేరు అండ్ల ఉండాలెనని మొక్కేది, ఉండద్దని మొక్కేది. దేవుడు పరేషానయి ఉంటడు.

ఆఖరుకు దొరికింది. ఒక్కటే కాగితం. అన్న మీద ఉన్నది అదొక్కటే, ఎవరిదంటే మా వదిన బయాను. అమీను ముంగట ఆమె చెప్పుకున్నదట, ఈయన రాసుకున్నడట.

"నా మొగుడు ఫలానా, ఫలానా కొడుకు, గొడ్డలి పట్టుకోని గడి దిక్కు పోయిండు. నేను ఫలానాను ఆపిన. ఫలానా ఇనలేదు. మళ్ల ఫలానా నెత్తుటి అంగితోని ఇంటికి వచ్చిండు. ఫలానా నాతోని ఎవరికి చెప్పద్దన్నడు."

ఫలానా అని నేను రాస్తున్న. కాగితంల మా అన్న పేరు నిండుగ, నాయిన పేరుతోని సహా, వరుసకొక్కసారి ఉంది.

నేను నవ్విన. గట్టిగ నవ్విన. జవాను చాయ ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు.

"ఏమైందిరా? తలకాయ తిరిగిందా?"

"లేదన్నా. బర్రె దొరికింది."

ఎందుకు నవ్విన్నో చెప్పాలంటే మా వదిన పెండ్లికాడికి పోవాలె. మా దిక్కు కొత్త పెండ్లిపిల్ల అత్తగారి గడప దాటేటప్పుడు ఆడిబిడ్డలు అడ్డం నిలబడి మొగని పేరు చెప్పిపిస్తరు. ఆ ఒక్కనాడు చెప్తే మళ్ల జన్మల చెప్పే పని లేదు. మాకు ఆడిబిడ్డ లేదు. ఆ నౌకరి నాకు పడ్డది. గడపకు అటిటు చేతులు పెట్టి నిలబడ్డ.

"పేరు చెప్పి లోపలికి రా."

ఏ పెండ్లిపిల్లన్న సిగ్గుపడుకుంట నోట్లె నోట్లెనన్న అంటది. ఈమె అనలే. "చెప్తే ఇడుస్త" అన్న. అనలే. అప్పటికింక బతికున్న మా అవ్వ బతిమిలాడింది, వాడకట్టు ఆడోళ్లు వచ్చి బతిమిలాడిన్రు. ఎండ నెత్తిమీదికి వచ్చింది. లోపటికెళ్లి పప్పుచారు వాసన వస్తాంది. కొత్తపిల్ల గడప అవుతల పాతిన రాయిలెక్క నిలబడ్డది. కడుపుల ఎలుకలు ఉరుకుతుంటే నేనే చేతులు తీసిన. "రా తల్లీ, ఆకలైతాంది." లోపలికి పోతు పోతు నా కాలు తొక్కింది. కావాలెననే తొక్కింది.

అప్పటిసంది ఆ పేరు అనిపిద్దమని నేను చెయ్యని ప్రయత్నం లేదు. అన్నకు పెట్టింది గుట్టమీది దేవుని పేరు. జాతరకు పోతే ఆమె దేవుని ముంగట నిలబడి "ఓ పెద్దాయనా" అని మొక్కుతది. దేవుడు ఎవరిని పిలుస్తాందో అని ఎనుకకు మర్రి చూసుకుంటడనుకుంట. పిల్లలుంటే "పిల్లగాని నాయిన" అనొచ్చు. ఇంక కాలేదు. గందుకని అన్నను పిలువాల్నంటే నా పేరు చెప్పి "వాళ్లన్న" అంటది. వాళ్లన్న వచ్చిండా, వాళ్లన్న తిన్నడా. అంటే మా ఇంట్ల అన్నకు పేరు నేనే. ఈ రాతల ఎవరి పేర్లు ఎందుకు లేవో మీకిప్పుడు ఎరుకై ఉంటది. మా ఇంట్ల అలవాటు.

గసొంటి మనిషి వరుసకొక్కసారి మొగని పేరు చెప్పుకుంట బయాను ఇచ్చిందట! ఇది రాసిన అమీనుకు పెండ్లన్న కాలేదు, అయితే ఇంట్లనన్న ఎన్నడు ఉండలేదు.

నవ్వు అయిపోయినంక మళ్ల చదివిన. కాగితం కింద ఏలిముద్ర ఉంది. అది మాత్రం వదినదే కావచ్చు. కంచెల జొన్నలు పంచేటప్పుడు అందరితోని ఉత్త కాగితాల మీద ఏలు పెట్టిపిస్తున్నరని ఇన్న. ఏలు ఆమెది, నోరు అమీనుది, ఉరి మా అన్నది.

పొద్దుగూకినంక వకీలుకు చెప్పిన. ఆయన కుర్చీలకెళ్లి లేచిండు.

"మా ఆవిడకి నా పేరు తెలుసో తెలీదో నాకిప్పటికీ అనుమానమే! మామూలు కోర్టు అయితే ఈ కాగితం వంక చూడను కూడా చూడదు. ఈ ప్రత్యేక కోర్టు చూస్తుంది. కానీ ఆవిడని బోనెక్కిస్తారు. అక్కడ పేరు పలకలేకపోతే ఈ బయాను అబద్ధమని తేలిపోతుంది."

"పలుకది సార్."

"పలికితే?"

"మా వదిన సార్. దేవునికే పేరు లేకుండ చేసింది."

"మొగుణ్ణి వదిలేస్తాం, పేరు చెప్పమ్మా అంటే? అప్పుడు పలకదా? ఒక్కసారి పలికితే చాలు. ఇక్కడ పలికింది, అక్కడా పలికే ఉంటుంది అంటారు."

"చిట్టి తెండ్రి సార్, పోయి చూసొద్దం" అన్న.

ఖైదీల ఇంటోళ్లను చూసేటందుకు వకీలు చిట్టి తెచ్చిండు. కాజీపేట మీదికెళ్లి రైల్ల మానుకోట పోయినం. కంచె వెదురుతోని కట్టి, మధ్యల తుమ్మకంప కుక్కిన్రు. గా వెదురు సుత భూపాలపల్లిదే అనుకుంట. అన్న తెస్తే పందిరయ్యేది, సర్కారు తెస్తే కంచె అయింది. అవుతల దిక్కు మా ఊరోళ్లు, తండావోళ్లు నిలబడి మా రైలు దిగిన బట్టలను చూస్తాన్రు. ఇవుతల దిక్కు ఒక తుపాకి జవాను, వానికి మన మాట రాదని వేరే ఊరి పటేలు మనిషి ఒకడు. మేము ఏం మాట్లాడినా వాడు ఇనాలె. నన్ను ఎరుగడు, గదొక్కటే నయం.

వదిన వచ్చింది. సగమైంది. నేను వకీలు గుమాస్తాను, ఆమె నాకు ఏమీ కాదు.

"అమ్మా, వకీలు సాబు నిన్ను చూసిపోదమని వచ్చిండు" అన్న.

పెండ్లయినప్పటిసంది నేను ఆమెను మర్యాదగ పిలిచింది లేదు. అమ్మా అనంగనే ఏదో కొంప మునిగిందని ఆమెకు ఎరుకైంది. నన్ను కిందికెళ్లి మీదికి చూసి వకీలును అడిగింది.

"ఈ పిల్లగాడెవరు సారూ?"

"మా గుమాస్తా అమ్మా."

"తిండి పెడ్తలేరా?"

"పెడుతున్నామమ్మా."

"పెట్టినా గంతే ఉంటరు గిసొంటోళ్లు."

పటేలు మనిషి నవ్విండు. వదిన నవ్వలే. కంచె వెదురును పట్టుకోని చిన్నగ చెప్పింది.

"అమీను సాబు అచ్చిండు సారూ. కోర్టుల నీ ఇంటాయన పేరు గట్టిగ చెప్పు, ఇడుస్తం అన్నడు. ఈ కంచెల అందరు చెప్పుమనే అంటాన్రు. తండా ముసలవ్వ సుత, మనిషి కంటె ఎక్కువనా పేరు అంటాంది. నేను నోట్లె అనుకోని చూస్తాన్న. సగందాక అస్తాంది."

"చెప్పు మరి, నీ మొగడే గద" అన్నడు పటేలు మనిషి.

చెప్పకు అని ఒక్క మాట అంటే అయిపోతది. అంటే నన్ను సుత అవుతలికి తోలుతరు, సాక్షిని చెడగొట్టిన్రని కేసు పోతది. జీతం లేకుండ అందరిని నవ్వించిన నోరు అక్కర పడ్డనాడు చుట్టుతోవ పట్టింది.

"అమ్మా, నీకు ఒక మరిది ఉన్నడట గద" అన్న.

ఆమె నా దిక్కు చూసింది. "ఉన్నడు. ఒట్టి పనికిరానోడు."

"కొత్తగ వచ్చిననాడు నిన్ను గడపకాడ ఆపిండట."

"ఆపిండు."

"పేరు చెప్తే ఇడుస్త అన్నడట."

"అన్నడు."

"గీ పెండ్లి ముచ్చట్లు దేనికి?" అని పటేలు మనిషి గునిసిండు.

"మావాడికి ఇంకా పెళ్లి కాలేదు. ఎక్కడ ఎవరు కనబడినా ఇదే గోల" అన్నడు వకీలు. ఆయనను ఆ రోజు మొదటిసారి మెచ్చుకున్న.

"చెప్పినవా అమ్మా?"

"లే."

"మరి ఇడిసిండా లేదా?"

వదిన "ఇడిసిండు" అన్నది. "ఆకలికి ఆగక."

టైము అయిపోయిందని జవాను తుపాకి కట్టె కంచెకు కొట్టిండు. ఆమె అర్థం చేసుకున్నదో, మరిది ఎప్పటిలెక్క మతిలేని ముచ్చట పెట్టిండనుకున్నదో నాకు తెల్వలే. రైల్ల వకీలు అడిగిండు, "అర్థమైందంటావా?" "మా వదినకు నా జోకులు ఎన్నడు అర్థం కాలేదు సార్" అన్న. ఆయన నవ్వలే. నేనూ నవ్వలే.

అదాలత్ జనగామలనే కూసున్నది. అన్నను బేడీలతోని తెచ్చిన్రు. గడ్డం పెరిగి మా తాతలెక్క ఉండె. వదినను బోనుల నిలబెట్టిన్రు. పట్టుకపోయినంక ఆమె ఆయనను చూసుడు అదే మొదాలు. సర్కారు వకీలు మంచి తియ్యటి మనిషి.

"నీ మొగని పేరేందమ్మా?"

వదిన ఊకున్నది.

"భయపడకు. ఒక్కసారి చెప్పు. చెప్తే ఆయన ఇంటికి వస్తడు."

మా వకీలు లేచిండు, ఏమనుకున్నడో మళ్ల కూసున్నడు. పంకా గుంజేటోడు సుత గుంజుడు ఆపి చూస్తాండు. వదిన అన్న దిక్కు చూసింది, బేడీల దిక్కు చూసింది. ఆమె పెదవులు కలిసినయి. మా అన్న పేరు పెదవులు కలిస్తెనే మొదలయితది. వకీలు కాగితాలు పట్టుకోని నేను లేచి నిలబడ్డ.

ఆ పెదవులు మళ్ల తెరుచుకోలే. కాళ్లు జర దూరం పెట్టి, తల కొద్దిగ వంచి, పాతిన రాయిలెక్క నిలబడ్డది. ఆ నిలబడుడు నాకు ఎరుకే. గడప అవుతల చూసిన. సర్కారు వకీలు ఇంకో తీరుగ అడిగిండు, ఇంకో తీరుగ బతిమిలాడిండు. మనసుల అనుకున్న, అయ్యా, నీకు గూడ ఆకలైతది.

అప్పుడు మా వకీలు లేచిండు. "ఇంతమంది అడిగినా ఒక్కసారి పలకలేని మనిషి, ఈ కాగితంలో వరసకొకసారి పలికిందా?"

"గప్పుడు భయంతోని చెప్పింది హుజూర్" అన్నడు అమీను.

పెద్ద జడ్జి ముసలాయన. కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. "ఇప్పుడు భయం లేదా?" అని అడిగిండు. అందరం తలుపుకాడి తుపాకుల దిక్కు చూసినం.

జడ్జి వదినతోని మెల్లగ మాట్లాడిండు. "పేరు వద్దమ్మా. ఆ మనిషి నీకు ఎవరో నువ్వు చెప్పినట్టు రాసుకోవాలె. ఇంట్ల ఎట్ల అంటవో గట్లనే చెప్పు."

ఇంట్ల ఎట్ల అంటదో గట్లనే చెప్పింది. నా పేరు చెప్పి, "వాళ్లన్న సారూ" అన్నది. జడ్జికి తెల్వదు గద అని గదుమతోని నన్ను చూపెట్టింది. "గా కాగితాలోడు."

కోర్టు నవ్వింది. అన్న తల పట్టుకున్నడు. వదిన చేతితోని నోరు మూసుకున్నది. అలవాటు ఏం చేసిందో అప్పుడు ఎరుకైంది ఆమెకు. ఎవరి జోకుకన్న నేను నవ్వుత గని దానికి నవ్వలేదు.

అమీను లేచిండు. "హుజూర్! వీడు ముల్జిం తమ్ముడు! ఏం కానని చెప్పి కాగితాల్ల దూరిండు. ఈ బయాను వీడే మార్చిండు!"

జడ్జి కాగితం దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. "అన్నను ఉరికి పంపేటట్టు మార్చిండా?"

ఆ బయాను ఆమెది కాదని రాసి పక్కన పడేసిన్రు. అన్న మీద ఇంకేం లేకుండె. బేడీలు తీసిన్రు, వదినను సుత మళ్ల కంచెకు తోలలే. అమీనుతోని అబద్ధం చెప్పిన పాపానికి నన్ను పట్టుకున్నరు. అవే బేడీలు పెడ్తరేమో అనుకున్న, నా చేతులు సన్నమని తాడు కట్టిన్రు.

జనగామ కచ్చేరిల ఖాళీగున్న అర్ర ఒక్కటే గద. జవాను తాళం తీసిండు. నేను పెట్టిన కుప్పలు పెట్టినట్టే ఉన్నయి. బర్రెల కుప్ప మెత్తగుంటదని దానికి ఆనుకోని కూసున్న.

"నువ్వెవరికి కావాలె అంటి. ఇప్పుడు సర్కారుకు కావాలె" అన్నడు జవాను, తాళం ఏసుకుంట. ఎప్పటి తాళమే. సప్పుడు మాత్రం ఏరే తీరుగ ఇనపడ్డది.

తెల్లారి అన్న, వదిన వచ్చిన్రు. అన్న బయట అరుగు మీద కూసున్నడు. ఇంటికి పోతే ఇల్లు లేదు, ఊరు కంచెల ఉంది. ఎటు పోవాల్నో తెల్వక కూసున్నడు. వదిన సద్దిమూట పట్టుకోని సీకుల తలుపుకాడికి వచ్చింది.

"ఎవరికోసం?" అని జవాను అడిగిండు.

నా పేరు గట్టిగ, నాయిన పేరుతోని సహా, కచ్చేరంత ఇనపడేటట్టు చెప్పింది. మరిది పేరుకు అడ్డం లేదు.

ఆమె కండ్లు ఉబ్బి ఉన్నయి. ఏడుస్తదేమోనని నాకు భయమైంది. ఏడిస్తే నేను సుత ఏడుస్త, జవాను ముంగట గదొక్కటి మిగిలింది. లేచి పోయి తలుపుకు లోపటికెళ్లి అటిటు చేతులు పెట్టి నిలబడ్డ.

"వదినా, అన్న పేరు చెప్పు. చెప్తే గని బయటికి రాను."

ఆమె తాళం దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. సద్దిమూట సీకుల సందుకెళ్లి లోపటికి దొబ్బింది.

"అయితే గక్కడ్నే ఉండు" అన్నది.